మజ్జిగ తవుడు

గూటి తలుపు ఎత్తగానే అన్నిటికంటే ముందు బయటికి దూకేది బొల్లి పెట్ట. ఆ ఉదయం మిగిలినవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి గాని అది రాలేదు. భువనేశ్వరి కుచ్చెళ్ళు మోకాళ్ళ మధ్యకి లాక్కుని వంగి చూసింది. మూలకి ఒదిగి, మెడ రెక్కలోకి ముడుచుకుని ఉంది. చెయ్యి పెట్టి తీస్తే చల్లగా వచ్చింది. కాళ్ళు పుల్లల్లా బిగుసుకుపోయాయి.

"అత్తయ్యగారూ, బొల్లి కూడా పోయిందండి."

"తెగులే," అంది వెంకటరత్నమ్మ, ఇటు చూడకుండానే. ఆవిడ వసారాలో పీట మీద కూచుని పచ్చిమిరపకాయలకి పిన్నీసుతో గాట్లు పెడుతోంది. ఊరమిరపకాయలకి రెండో వాయి అది. మొదటి వాయి కాయలు మేడ మీద గలగలమనేంతగా ఎండిపోయాయి. "మొన్న తెల్లది, ఇవాళ ఇది. రేపు పుంజు వంతు. చూస్తూ కూచో."

పుంజు నీళ్ళ తొట్టి దగ్గరే ఉంది. ముక్కు ముంచి, తలెత్తి మింగి, మళ్ళీ ముంచుతోంది. ఈ ఎండలకి తాగదూ మరి, అనుకుంది భువనేశ్వరి. కానీ దాని వెనక నేలంతా నీళ్ళలాంటి రెట్ట. గౌడు పెట్ట నడుస్తూ నడుస్తూ ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని పక్కకి ఒరిగి, తనకే ఆశ్చర్యమైనట్టు లేచి అటూ ఇటూ చూసింది.

జబ్బు వచ్చినా చావు వచ్చినా భువనేశ్వరి చేతిలో పని వరస తప్పదు. మూకుట్లో తవుడు పోసి, గుప్పెడు నూకలు జల్లి, ముంతెడు మజ్జిగ ఒంపి వేళ్ళతో కలిపింది. మరీ జారైతే ముక్కులకి అంటుకుపోతుంది, మరీ పొడైతే గాలికి లేచిపోతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వదిలితే విడిపోవాలి. ఎండాకాలం కోళ్ళకి మజ్జిగ తవుడు చలవ అన్నది ఆ ఇంట్లో అత్తగారు తెచ్చిన పద్ధతి. మూకుడు కింద పెట్టగానే కోళ్ళు మూగాయి. ఆకలైనా చావలేదు, అదే నయం అనుకుందామె.

రిబ్కా వచ్చేసరికి బొల్లిని బొంత గుడ్డలో చుట్టి గోడ వారగా పెట్టింది. రిబ్కా ఆ ఇంట్లో దొడ్డి చిమ్మి, అంట్లు తోముతుంది. కాలువ అవతల గట్టు మీద ఇల్లు. ఇంటి చుట్టూ కోళ్ళు. అవి కాలువ మీద వేసిన తాటిదూలం దాటి వచ్చి ఈ దొడ్లోనే సగం పొద్దు గడుపుతాయి. చెత్తకుప్ప గీరి ఎర్రలు ఏరుకుంటాయి, గోంగూర మడిలో లేత ఆకు గిల్లుకుంటాయి.

"ఏమే రిబ్కా, మీ కోళ్ళు ఎట్టా ఉన్నాయి?" అంది వెంకటరత్నమ్మ.

"బానే ఉన్నాయండి పెద్దమ్మగారూ."

"ఎందుకుండవూ? ఉన్న రోగమంతా తెచ్చి మా దొడ్లో దింపిపోతే బానే ఉంటాయి. నిజాంపట్నం నుంచి మీ అన్న ఇస్సాకు బస్తాలకి బస్తాలు నీచు పంపుతాడు. చేపల పొట్టలూ, రొయ్యపొట్టూ. ఆ కుళ్ళంతా మేపుతావు. అవొచ్చి ఇక్కడ రెట్టలేస్తాయి. మా కోళ్ళు నూకలూ తవుడూ తప్ప ఎరగవు. తట్టుకోవద్దూ?"

"పొట్టు ఎండబెట్టిందేనండి. కుళ్ళిందైతే నేను మాత్రం ఎందుకేస్తాను?"

"ఆ కంపు నాకు తెలీదా? పడమర గాలి తిరిగితే నేను దేవుడి గది తలుపులేసుకుంటున్నా."

వెంకటరత్నమ్మ నీచు మానేసి చాలా ఏళ్ళయింది. మానేసిన దగ్గర్నుంచి ఆ వాసన ఆవిడకి ఊరి చివర వండుతున్నా తెలుస్తుంది. రిబ్కా చీపురు అరచేతిలో రెండుసార్లు పొడిచి ఈనెలు సరిచేసుకుని చిమ్మడం మొదలుపెట్టింది. చిమ్ముతూ చిమ్ముతూ బొల్లి దగ్గరికి వచ్చి ఆగింది. గుడ్డ తొలగించి చూసి, "ఎంత మంచి పెట్ట," అని మళ్ళీ కప్పింది.

ఆ సాయంత్రం పాలకేంద్రానికి పాలు తనే తీసుకెళ్ళింది వెంకటరత్నమ్మ. మోకాళ్ళ నొప్పులని కోడల్ని పంపే మనిషి తనే కేను పట్టుకుని బయల్దేరినప్పుడే భువనేశ్వరికి అర్థమైంది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళందరికీ విషయం చేరింది. శీతాకాలంలో ఎక్కడో కోళ్ళకి జబ్బొచ్చి గోతులు తీసి పూడ్చారని అందరూ టీవీలో చూసినవాళ్ళే. తెల్లారేసరికి రిబ్కా కోళ్ళ పేరెత్తితేనే జనం ముక్కులు మూసుకున్నారు. బస్టాండు దగ్గర టిఫిన్ కొట్టు నడిపే సుబ్బరత్నమ్మ ఆమ్లెట్లకి రోజూ రిబ్కా గుడ్లే తీసుకునేది, పచ్చసొన పసుపు ముద్దలా ఉంటుందని. "కొన్నాళ్ళు వద్దులే" అంది.

వెంకటరత్నమ్మ రిబ్కాకి చివరి మాట కూడా చెప్పేసింది. "శనివారం రామకోటి వస్తాడు. నీ కోళ్ళన్నీ వాడికిచ్చెయ్. ఈక కూడా మిగలకూడదు. ఆ తరవాత ఒక్కటి ఉన్నా నువ్వు మా గడప తొక్కద్దు."

రామకోటి రేపల్లె నుంచి మోపెడ్ మీద వచ్చి నాటుకోళ్ళు కొనుక్కుపోయే మనిషి. రిబ్కా కూతురు బాపట్లలో నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల హాస్టలు ఖర్చులన్నీ ఆ గుడ్ల మీదే నడుస్తున్నాయని భువనేశ్వరికి తెలుసు. తెలిసీ ఆ పూట నోరు మెదపలేదు. అత్తగారు చెప్పినదాన్లో తప్పేంటో ఆమెకీ కనపడలేదు.

కానీ ఏ సంగతైనా రూఢి చేసుకోకుండా ఊరుకోవడం ఆమె వల్ల కాదు. రేపల్లె పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరుగారు సెలవులో ఉన్నారు, తెనాలి తీసుకెళ్ళమన్నారు. మర్నాడు పొద్దున గూట్లో నల్లపెట్ట చచ్చి ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఐస్ ముక్కలు వేసి, మూతున్న స్టీలు డబ్బాలో పెట్టింది. రేపల్లె స్టేషన్ దగ్గర దింపుతూ భర్త కృష్ణకాంత్ డబ్బా వంక చూశాడు.

"ఏ డబ్బా అది? పోయిన నెల నాకు పులిహోర పెట్టిచ్చింది కాదు గదా?"

"ఇక మీదట మీకు అందులో పెట్టన్లెండి."

"ఇక మీదటా!" అని అతను బండి తిప్పుకున్నాడు.

తెనాలి ప్యాసింజరులో ఎదురు సీట్లో ముసలామె డబ్బా వంక రెండు స్టేషన్ల పాటు చూసి, వేమూరు దగ్గర ఉండబట్టలేక అడిగింది. "కూతురింటికా అమ్మా? ఏం వండుకెళ్తున్నావు?"

"కోడండి."

"కూరా, వేపుడా?"

"వండలేదండి. చచ్చిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా."

ముసలామె కాసేపు ఆలోచించింది. "చచ్చాక ఆసుపత్రేంటమ్మా?" అని కాళ్ళు పైకి తీసుకుని సీటు మీద పెట్టుకుంది.

తెనాలి ఆసుపత్రిలో డాక్టరు ప్రత్యూష. చిన్న వయసు. జడ మడిచి పిన్ను పెట్టుకుని, చేతులకి తొడుగులేసుకుని, మాస్కు కట్టుకుంది. వెనక వరండాలో సిమెంటు దిమ్మ మీద నల్లపెట్టని వెల్లకిలా పడుకోబెట్టి, నీళ్ళతో ఈకలు తడిపింది. "ఈకలు ఎగరకుండా" అని చెప్పి కత్తెర పెట్టింది. భువనేశ్వరి కళ్ళు తిప్పుకోలేదు. ఇంట్లో కోడిని కోయించడం ఆమెకి కొత్త కాదు. కానీ కోసేవాడెవడూ లోపలి భాగాలని ఒక్కొక్కటిగా తీసి, వెలుతురుకి తిప్పి చూడటం ఎరగదు.

"ఇటు చూడండి. ఊరంతా పాకే కొక్కెర తెగులైతే ఈ పొట్ట లోపలి గోడ మీద ఎర్రటి చుక్కలుండాలి. లేవు. ఇదిగో, ఈ నీరు చూశారా? పొట్ట నిండా నీరు పట్టింది. బాగా నీళ్ళు తాగేవా ఇవి?"

"తొట్టి వదలడం లేదండి. ఎండలకేమో అనుకున్నా."

"రెట్ట పలచగా, నడక తూలుతూ?"

"అవునండి. తాగినవాళ్ళలా."

డాక్టరు తలాడించింది. "అనుమానానికి కొంచెం ముక్క పరీక్షకి పంపిస్తాను. నాకు మాత్రం ఇది అంటుకునే జబ్బులా లేదు. ఉప్పు ఎక్కువైందమ్మా. ఉప్పు మనకి పడ్డట్టు కోళ్ళకి పడదు, కాస్త ఎక్కువైతే చాలు, లోపలంతా నీరు పట్టేస్తుంది. ఏం పెడుతున్నారు?"

"నూకలు, తవుడు, మజ్జిగ."

"మంచివే. ఎండుచేపలు, ఎండు రొయ్యల్లాంటివి తింటున్నాయా?"

భువనేశ్వరికి ఒక్కసారిగా గుండెల మీంచి బండ దించినట్టయింది. "పక్కింటావిడ వేస్తుందండి. నిజాంపట్నం నుంచి వస్తుంది పొట్టు. మావి కూడా అటెళ్ళి తింటున్నాయేమో."

"ఉప్పేసి ఎండబెట్టిందైతే అదే కారణం అయ్యుండొచ్చు. అటు వెళ్ళనివ్వకండి. ఉన్నవాటికి మంచినీళ్ళు పెట్టండి గాని తొట్టెడు ఒక్కసారే పెట్టొద్దు. కాసిని కాసిని, మాటిమాటికీ. బతుకుతాయి."

తెగులు కాదు. గోతులు తీసే పని లేదు. తిరుగు రైల్లో ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి కోత కోసిన మినప చేలు చూస్తూ వచ్చింది. ఒక లెక్క తేలిపోయింది అన్న సుఖం ఆమె మొహంలో కనపడుతోంది.

ఇంటికి రాగానే వెంకటరత్నమ్మ, "నేను చెప్పలా?" అంది. "తెగులైతేనేం, ఉప్పైతేనేం, ఆ నీచే గదా?"

సాయంత్రం రిబ్కా అంట్లకి వచ్చినప్పుడు భువనేశ్వరి తనే చెప్పింది. కోపంగా కాదు, పాఠం చెప్పినట్టు, నెమ్మదిగా. రిబ్కా చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని విన్నది.

"మరి నా కోళ్ళు పొదిగిన్నాటి నుంచీ అదే తింటున్నాయి గదమ్మా? వాటికేం కాలేదే."

"అలవాటు పడ్డాయి రిబ్కా. మావాటికి కొత్త."

"మా అన్న ఉప్పెయ్యడమ్మా. ఎండపెట్టేస్తాడంతే. కావాలంటే తెస్తా, నోట్లో వేసుకు చూడండి."

"ఛీ!" అంది వసారాలోంచి వెంకటరత్నమ్మ. "తెనాలి డాక్టరు చెప్పింది అబద్ధమా? మహా కనిపెట్టావులే."

రిబ్కా గిన్నెలన్నీ తోమి, ఎప్పటిలాగే పెద్దవి కిందా చిన్నవి పైనా బోర్లించింది. నడుముకి దోపిన కొంగు తీసి చేతులు తుడుచుకుంది. "శనివారం రామకోటికి ఇచ్చేస్తానండి," అని దూలం దాటి వెళ్ళిపోయింది. మర్నాడు పనికి రాలేదు.

ఆ రోజే, శుక్రవారం, భువనేశ్వరి పుంజునీ గౌడు పెట్టనీ గూట్లోంచి వదల్లేదు. ముందువైపు వల కట్టి, అందులోనే నీళ్ళు, అందులోనే మూకుడు. రిబ్కా కోళ్ళు వల బయట తిరుగుతూ, లోపలున్నవాటిని వింతగా చూసి పోయాయి. ఒక ఎర్రపెట్ట మడి గట్టున నత్త దొరికితే రాయికేసి కొట్టి గుల్ల పగలగొట్టుకు తింది. ఎంత నిగనిగలాడుతున్నాయి వాటి ఈకలు! భువనేశ్వరికి కొంచెం కోపం కూడా వచ్చింది, చేసిందంతా చేసి ఇట్లా నిగనిగలాడటానికి.

మధ్యాహ్నానికి పుంజు నిలబడలేకపోయింది. రెక్కలు రెండూ నేలకి ఆనించి, నోరు తెరుచుకుని కూలబడింది. గౌడు పెట్ట మెడ వెనక్కి వంకర పోయింది. నిన్నటి కంటే ఇవాళ అధ్వానం.

నిన్న అవి దొడ్డంతా తిరిగాయి. ఇవాళ వల దాటి అడుగు బయట పెట్టలేదు. రొయ్యపొట్టు వాసన కూడా తగల్లేదు. బయట ఉన్నప్పుడు ఎర్రలో, ఆకో, చెదలో ఏదో ఏరుకునేవి. ఇవాళ తను పెట్టింది తప్ప ఇంకేం తినలేదు.

తను పెట్టింది తప్ప.

ఆమె వల ఎత్తి మూకుడు తీసింది. పొద్దున కలిపిన తవుడు అడుగున ఎండకి ఎండి పెచ్చు కట్టింది. పెచ్చు అంచు చుట్టూ ఉప్పు కొటార్ల గట్ల మీద పేరుకున్నట్టు తెల్లటి చార. వేలితో గీరింది. గరగరలాడింది. ఆ వేలు నాలుకకి తగిలించుకుంది. తుపుక్కున ఉమ్మేసి, మూకుడు పట్టుకునే వంటింటి వెనక వసారాలోకి వెళ్ళింది.

అక్కడ గట్టు మీద మొదటి వాయి మిరపకాయల కుండ ఉంది. ఏటా కాయలు పగలు ఎండుతూ రాత్రి ఆ ఉప్పు మజ్జిగలో నానుతూ దాన్నంతా పీల్చేసుకునేవి, కుండ అడుగున గరిటెడు కూడా మిగిలేది కాదు. ఈసారి బాపట్లలో ఆడపడుచుకి కూడా కలిపి పెట్టాలని మజ్జిగ ధారాళంగా పోశారు. కాయలు ఎండిపోయినా సగం కుండ మిగిలింది. పారబొయ్యడానికి భువనేశ్వరికి చెయ్యి రాలేదు. ఇంట్లో కరివేపాకు రెమ్మ కూడా వృథా పోనివ్వని మనిషి. కారం ఉంటుందేమో అని ఒక్క క్షణం ఆలోచించింది కూడా. పక్షులకి కారం తెలీదని కాలేజీలో చదువుకున్న ముక్క గుర్తొచ్చి నిశ్చింతగా ముంత ముంచింది. కారం గురించి ఆలోచించింది గాని ఉప్పు గురించి ఆలోచించలేదు.

కుండలో వేలు ముంచి చూసింది. నాలుక చుర్రుమంది.

ముందు చేయాల్సింది చేసింది. మూకుడు కడిగింది. పుంజుని ఒళ్ళోకి తీసుకుని, చెంచాతో ముక్కు పక్క నుంచి మంచినీళ్ళు చుక్క చుక్కగా వదిలింది. అది మింగినప్పుడల్లా గొంతు దగ్గర ఈకలు కదిలాయి. తరవాత గౌడు పెట్టకి. మళ్ళీ పుంజుకి. పొద్దు వాలేదాకా అదే పని. చీకటి పడబోయేసరికి గౌడు పెట్ట మెడ నిలబెట్టి, చెంచాని పొడిచింది.

అప్పుడామెకి నవ్వూ ఏడుపూ కూడా వచ్చాయి. తెగులు కాదు, శాపం కాదు, చేత్తో పెట్టింది చేత్తో ఆపగలిగేదే. బతుకుతాయి. ఆ హాయి వెనకనే, గట్టు మీద రిబ్కా ఇంట్లో దీపం కనపడింది.

వెంకటరత్నమ్మ అంతా విని, మిరపకాయల చేట పక్కన పెట్టింది.

"నేను పెట్టమంది చప్ప మజ్జిగ. కుండలోది కాదు."

"అవునండి. మీ తప్పు లేదు."

"నీదీ లేదులే. తెలిసి చేశావా ఏం? కుండ ఒలకబొయ్. రేపట్నించి మంచి మజ్జిగ కలుపు. అయిపోయింది."

"రిబ్కా కోళ్ళండి?"

వెంకటరత్నమ్మ పిన్నీసు తీసుకుని జాకెట్టుకి గుచ్చుకుంది. "అవెట్టాగూ రేపు పోతున్నాయి. మనవి తేరుకుంటాయి. రిబ్కా కోళ్ళు పోయాకే మనవి తేరుకున్నాయి అనుకుంటారు, అనుకోనీ. ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తావు? నలుగురిలో నేను అన్న మాట ఏం కావాలి?"

ఆ దారి భువనేశ్వరికీ కనపడింది. ఎంత తేలిక! ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు కూడా, నోరు మూసుకుంటే చాలు. ఆ తేలికతనమే ఆమెకి నచ్చలేదు. చిల్లు పడ్డ గుడ్డకి చిల్లు కనపడకుండా మడత పెట్టినట్టుంది. ఆమె ఏ గుడ్డా అట్లా మడవదు.

శనివారం పొద్దున కాఫీ కూడా తాగకుండా దూలం దాటింది. రామకోటి అప్పటికే వచ్చేశాడు. మోపెడ్‌కి రెండు వైపులా తీగ బోనులు. ఒక బోను నిండింది. ఎర్రపెట్టని తలకిందులుగా పట్టుకుని, కాళ్ళకి పురికొస చుడుతున్నాడు. రిబ్కా గుమ్మంలో కూచుని చూస్తోంది. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఆ చేతులు ఖాళీగా ఉండగా భువనేశ్వరి ఎప్పుడూ చూడలేదు.

"ఆగు రామకోటీ."

"ఆగడమేంటమ్మా? ఈ ఊరి కోళ్ళంటే రేపల్లెలో ఎవరూ ముట్టట్లా. నేను కొంటున్నదే గొప్ప. ఎండెక్కితే చస్తాయి, జరగండి."

"కట్టినవన్నీ విప్పు. ఆ కోళ్ళకి ఏ జబ్బూ లేదు." భువనేశ్వరి గుమ్మం వైపు తిరిగింది. "రిబ్కా, మా కోళ్ళు చచ్చింది నా వల్ల. ఊరమిరపకాయల కుండలో మజ్జిగ తవుట్లో పోసి పెట్టాను. ఉప్పు మజ్జిగ. నీ పొట్టు వల్ల కాదు. తప్పు నాది."

రామకోటి పురికొస పట్టుకుని నోరు తెరిచాడు. రిబ్కా లేవలేదు. కాసేపు భువనేశ్వరి మొహంలోకి చూసింది.

"నా కోళ్ళు మంచివని నాకు తెలుసమ్మా. ఆ సంగతి నాకు చెప్పడానికి ఇంత పొద్దున్నే దూలం దాటి రానక్కర్లా. తెలియంది ఊరికి."

"అదే…"

"పెద్దమ్మగారు ఇక్కడికొచ్చి నా చెవిలో అన్లేదు. పాలకేంద్రం దగ్గర అన్నారు. పోయిన మాట పోయిన చోటే వెతుక్కోవాలి గదండీ?"

భువనేశ్వరికి మొహం వేడెక్కింది. రిబ్కా ఇట్లా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. వినకపోవడమే గాని మాట్లాడలేకపోవడం కాదని అప్పుడనిపించింది.

"సాయంత్రం చెప్తాను," అంది.

"సాయంత్రం దాకా నేనుండాలా?" అన్నాడు రామకోటి.

"నువ్వు పోరా," అంది రిబ్కా లేస్తూ. బోను తలుపు తనే తీసింది. ఒక్కొక్కదాన్నీ బయటికి తీసి, కాళ్ళకి కట్టిన పురికొస పళ్ళతో తెంపింది. ఎర్రపెట్ట కిందపడి లేచి, ఒళ్ళంతా దులుపుకుని, ఏమీ జరగనట్టు నేల గీరడం మొదలుపెట్టింది.

"మనుషులకి లేదు గాని కోళ్ళకి ఎంత త్వరగా మరుపో," అన్నాడు రామకోటి, ఖాళీ బోనులు ఊపుకుంటూ పోతూ.

పాలకేంద్రం దగ్గర సాయంత్రం వరస ఎప్పటిలాగే ఉంది. వెన్న శాతం చూసే మిషను కూతపెడుతోంది. భువనేశ్వరి తన వంతు వచ్చేదాకా ఆగలేదు.

"ఒక్క నిమిషం అందరూ వినండి."

"ఏంటమ్మా, మైకు తెమ్మంటావా?" అంది పున్నమ్మ. ఆ వీధిలో ఎవరి మాటా కింద పడనివ్వదు.

భువనేశ్వరి చెప్పింది. అనుకున్నంత చక్కగా రాలేదు. కుండ దగ్గర మొదలుపెట్టి తెనాలికెళ్ళి, మళ్ళీ కుండ దగ్గరికి వచ్చింది. కానీ ఏదీ వదల్లేదు. డాక్టరు రొయ్యపొట్టు అన్నది, తను సగం విని నమ్మింది, రిబ్కాకి పాఠం చెప్పింది, అన్నీ. మిషను కూడా ఆగినట్టయింది.

"అంటే," అంది పున్నమ్మ నెమ్మదిగా, "కోళ్ళకి ఊరగాయ పెట్టావా తల్లీ?"

"అవును పిన్నీ."

"అయ్యో, మరి పూడ్చిపెట్టడమెందుకే! లోపల్నుంచే ఊరాయి గదా, నూనెలో వేయించుకుంటే సరిపోయేది!"

ఒకరు నవ్వితే అందరూ నవ్వారు. డిగ్రీ చదివిన కోడలు, తవుట్లో ఉప్పు చూడలేకపోయింది అని ఎవరో అన్నారు. భువనేశ్వరి తల దించుకుందామనుకుంది గాని, పున్నమ్మ మాటకి ఆమెకే నవ్వు ఆగలేదు.

రిబ్కా చివర్న, పావులీటరు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. సుబ్బరత్నమ్మ వెనక్కి తిరిగి, "ఏం రిబ్కా, రేపట్నించి గుడ్లు పంపు మరి," అంది.

"చూద్దాంలెండి. కాళ్ళు కట్టేసరికి బెంగపెట్టుకున్నాయి. పెడతాయో పెట్టవో."

"బతిమాలించుకుంటావేంటే?"

"నేను కాదండీ. కోళ్ళు."

ఇంటికొచ్చేసరికి ఆ కబురు ముందే వచ్చేసింది. వెంకటరత్నమ్మ వీధి గుమ్మంలో నిలబడి ఉంది. "నవ్వుల పాలయ్యావంట?"

"అయ్యానండి."

"నన్నూ చేశావు." ఆవిడ లోపలికెళ్ళి పడుకుంది. రెండు పూటలు కోడలితో మాట్లాడలేదు. అన్నం మాత్రం తిన్నది.

సోమవారం రిబ్కా పనికొచ్చింది. ఎవరితోనూ ఏమీ అనకుండా చీపురు తీసుకుంది. పుంజు అప్పటికి లేచి తిరుగుతోంది. కూత ఇంకా పూర్తిగా రాక, సగంలో బొంగురుపోతోంది. తెనాలి నుంచి ప్రత్యూష ఫోన్ చేసి పరీక్షలో ఏ జబ్బూ లేదని చెప్పింది. భువనేశ్వరి మజ్జిగ సంగతి చెబితే డాక్టరు అవతల కాసేపు నవ్వి, "మజ్జిగ అన్నప్పుడు నేనూ అడగాల్సిందండి," అంది.

ఆ వారమంతా దొడ్లో ఒక పుంజు, ఒక పెట్ట. పొదిగే పెట్ట లేదు. గౌడు పెట్ట పెట్టిన మొదటి గుడ్డు తోలులాంటి పెంకుతో మెత్తగా వచ్చి, చేతిలోనే చితికిపోయింది. వెంకటరత్నమ్మ వసారాలో కూచుని ఖాళీ దొడ్డి చూస్తోంది. ఒక మధ్యాహ్నం, పిలవకుండానే లేచి చెప్పులేసుకుంది. తాటిదూలం ముందు ఆగి, వెంట వచ్చిన కోడలి చెయ్యి పట్టుకుంది.

రిబ్కా వాకిట్లో చేట చెరుగుతోంది. ఆవిడని చూసి లేచి, లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. వెంకటరత్నమ్మ కూచుని, దమ్ము తీర్చుకుని, కోళ్ళన్నిటినీ చూసింది.

"ఆ ఎర్రది పొదుగుతుందా?"

"ఆడకూతురిలా పొదుగుద్దండి. పోయిన విడత ఒక్క గుడ్డు మురగలా."

"మాకు పాలికియ్యి."

రిబ్కా చేతిలో చేట ఆగింది. కోళ్ళనైనా గేదెల్నైనా ఆసామీల ఇళ్ళ నుంచి పాలికి తెచ్చుకుని గట్టు మీదవాళ్ళు మేపడం, పిల్లల్లో సగం తిరిగి ఇవ్వడం ఆ ఊళ్ళో వాడుక. గట్టు మీది పెట్ట ఆసామి దొడ్లోకి పాలికి వెళ్ళడం ఎవరూ ఎరగరు.

"కొనుక్కోవచ్చు గదండీ పెద్దమ్మగారూ?"

"కొనుక్కుంటే నాది. పాలికైతే నీదీ నాదీ. మంచీ చెడ్డా ఇద్దరిదీ." ఆవిడ ఇంకెటో చూస్తూ అంది. "ఇస్తావా, ఇవ్వవా?"

రిబ్కా చేట కింద పెట్టి గొంతుకు కూచుంది. "ఇస్తానండి. పిల్లల్లో సగం నాకు. పెట్ట నాదే. తిండి మాత్రం నేను చెప్పినట్టు పెట్టాలి. ఒట్టి నూకలూ తవుడూ అయితే పెంకు తోలు కడుద్ది. నత్తగుల్ల దంచి వెయ్యాలి. ఆకు ఉండాలి. మా పెట్టకి నీచు లేకపోతే గుడ్డు దిగదు. రొయ్యపొట్టు పంపుతా. రోజూ గుప్పెడు వెయ్యాలి."

వెంకటరత్నమ్మ మొహం ముడుచుకుంది. "మా కోడలు వేస్తుంది."

"మీ కోడలుగారు వేస్తే నాకు భయమండి."

ముందు నవ్వింది భువనేశ్వరి. రిబ్కా కొంగు నోటికడ్డం పెట్టుకుంది గాని భుజాలు ఆగలేదు. వెంకటరత్నమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసి, "సరేలే, సరేలే. ఏదీ, ఎట్టా వెయ్యాలో చూపించు," అంది.

రిబ్కా గోనె మూతి విప్పి దగ్గరికి జరిపింది. వెంకటరత్నమ్మ ఎడం చేత్తో ముక్కు మూసుకుని, కుడి చెయ్యి మణికట్టు దాకా పొట్టులో దూర్చి, గుప్పెడు తీసి వాకిట్లోకి విసిరింది. కోళ్ళన్నీ రెక్కలు విప్పుకుని ఒక్క ఉదుటున పరిగెత్తుకొచ్చాయి, ఆవిడ పాదాల మీంచి.

"ఓసి మీ దుంపతెగ!" అని కాళ్ళు తీసుకోకుండానే రెండో గుప్పెడు తీసింది.